ఆఖరి పేజీ చింపిందెవరు?

ఉప్పల్ స్టేడియానికో పాడు అలవాటుంది. మ్యాచ్‌ని ఓ పట్టాన తెమలనివ్వదు.

2009 నవంబరు 5న ఆస్ట్రేలియా అక్కడ 350 పరుగులు చేసి కూర్చుంది. సచిన్ ఒక్కడే 141 బంతుల్లో 175 కొట్టి ఆటను గుమ్మం దాకా లాక్కొచ్చాడు. ఇంకో 19 పరుగులు కావాల్సి ఉండగా స్కూప్ ఆడబోయి షార్ట్ ఫైన్ లెగ్‌లో దొరికిపోయాడు. మిగిలినవాళ్లు కిందామీదా పడి 347 దాకా వెళ్లారు. మూడు పరుగుల తేడాతో ఓటమి. 2017 మే 21న అదే మైదానంలో ఐపీఎల్ ఫైనల్. ముంబయి చేసింది 129, ఫైనల్లో చూపించుకోదగ్గ స్కోరేం కాదు. పుణె ఆఖరి బంతికి నాలుగు చేయాలి. రెండు తీశారు, మూడోదానికి పరుగెడుతూ రనౌటయ్యారు. ఒక్క పరుగు తేడా. 2019 మే 12న మళ్లీ ఐపీఎల్ ఫైనల్, మళ్లీ ఉప్పల్, మళ్లీ ముంబయి. ఈసారి చెన్నైకి ఆఖరి బంతికి రెండు కావాలి. మలింగ నెమ్మదిగా వేసిన యార్కర్ శార్దూల్ ఠాకూర్ ప్యాడ్‌కి తగిలింది, అంపైర్ వేలెత్తాడు. మళ్లీ ఒక్కటంటే ఒక్క పరుగు.

ఇప్పుడా మూడూ యూట్యూబులో ఉన్నాయి. ఫలితం చిన్నపిల్లలకీ తెలుసు. అయినా మలింగ బంతి పట్టుకుని వెనక్కి నడుస్తుంటే చూసేవాళ్ల చేతిలో కాఫీ చల్లారిపోతుంది. సచిన్ ఆ స్కూప్ ఆడబోతుంటే ‘వద్దు బాబూ’ అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పదిహేనేళ్లు దాటిపోయిన బంతిని వద్దంటే ఆగుతుందా!

ఏం జరగబోతోందో తెలియకపోవడమే ఉత్కంఠ అని మామూలుగా అనుకుంటాం. అదే నిజమైతే ఒకసారి చూసిన ఆట రెండోసారి చప్పగా ఉండాలి. ఉండడం లేదు. కాబట్టి అసలు సంగతి ఇంకెక్కడో ఉంది. దాచిపెట్టినందువల్ల ఉత్కంఠ పుట్టదని, ముందే చెప్పి మన చేతులు కట్టేసినందువల్ల పుడుతుందని నా అనుమానం. కథకులకు ఈ కిటుకు ఎప్పట్నుంచో తెలుసు.

బల్ల కింద బాంబు

సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దీన్ని ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోకు విడమరిచి చెప్పాడు. 1962లో మొదలైన వాళ్ల సంభాషణలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఆయన ఉదాహరణ ఇది: ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, ఆ క్షణంతో సరి. అదే బాంబు పెట్టడం ప్రేక్షకుడు ముందే చూశాడనుకోండి, ఎన్నింటికి పేలుతుందో గోడ గడియారం చెబుతోందనుకోండి, అప్పుడా పనికిమాలిన కబుర్లే భరించలేనంత బరువెక్కుతాయి. ‘అయ్యా, లేవండి, బల్ల కింద చూడండి’ అని అరవాలనిపిస్తుంది. అరిచినా వాళ్లకు వినపడదు.

మన పద్యనాటకాల జనానికి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నుంచి రాయబారం ఘట్టం ఊరూరా ఆడారు. రాయబారం విఫలమవుతుందని, యుద్ధం వచ్చి తీరుతుందని పందిట్లో కూర్చున్న ప్రతి ముసలమ్మకూ తెలుసు. తెలిసీ తెల్లవార్లూ కూర్చునేవారు. పద్యం బాగుంటే వన్స్‌మోర్ కొట్టి, కృష్ణుడి చేత మళ్లీ పాడించి, ఆ యుద్ధాన్ని ఇంకో పది నిమిషాలు వాయిదా వేయించేవారు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో కాటి సీను వచ్చేసరికి కొడుకు మళ్లీ బతుకుతాడని తెలిసిన తల్లులు కూడా కొంగుతో కళ్లొత్తుకునేవారు. అందరికీ తెలిసిన ముగింపుతో అంత నిశ్శబ్దం తెచ్చినవాళ్లను చూస్తే, ట్విస్టు లేనిదే సినిమా ఆడదని వాదించే నేటి దర్శకుల మీద కాస్త జాలేస్తుంది.

చందమామ బేతాళ కథల్ని చూడండి. ప్రతి నెలా అదే చెట్టు, అదే శవం, అదే రాజు. తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, చేసిన శ్రమంతా వృథా అయి, బేతాళుడు చెట్టుమీదికి పోతాడు. రెండు దారులూ మొదటి కథ నుంచీ మన ముందే ఉన్నాయి, చివరికి ఏది జరుగుతుందో కూడా తెలుసు. అందుకే శవం సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. బేతాళుడు ప్రశ్న వేయగానే పుస్తకం మూసి ‘నువ్వైతే ఏం చెబుతావ్’ అని అన్నాచెల్లెళ్లు పోట్లాడుకునేవారు. తప్పెవరిది? త్యాగం ఎవరిది గొప్పది? పేజీ తిప్పేముందు మన తీర్పు మనం చెప్పేయాలి. సంస్కృత మూలంలో పాతిక కథలే. చివరికో వింత బంధుత్వపు చిక్కుముడి దగ్గర రాజుకు జవాబు తోచక నోరు మూసుకుంటాడు, ఆ చక్రం అక్కడితో తెగుతుంది. చందమామకు ఆ తెగడంతో పనిపడలేదు. దశాబ్దాల పాటు శవాన్ని చెట్టెక్కిస్తూ, దింపిస్తూ పోయింది. శంకర్ వేసిన బొమ్మలో కత్తి పట్టుకుని, భుజాన శవంతో నడిచే ఆ విక్రమార్కుడు ఎక్కడికి చేరతాడా అని ఎవరైనా బెంగపడ్డారా?

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు ఇంకో రకం. తోకచుక్క, మకర దేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట... ఆ పేర్లు వింటేనే ఒక తరానికి ఒళ్లు జలదరిస్తుంది. చిత్రా బొమ్మలో విచిత్ర జంతువు నోరు తెరిచి ఉంటుంది, కింద ‘ఇంకా ఉంది’ అని ఉంటుంది. నెల్లాళ్లు ఆ నోరు అలాగే తెరుచుకుని ఉండేది.

వారపత్రికల కాలం వచ్చేసరికి ఆ నెల వారమైంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు పాఠకుల దగ్గర దాచిందేమిటి? పెద్దగా ఏమీ లేదు. పసిపిల్ల మీద చేతబడి జరుగుతోందని పాఠకుడికి తెలుసు. పాఠకుడికి తెలిసినంత ఇంట్లోవాళ్లకు తెలియదు. బల్ల కింద బాంబు లాంటిదే మళ్లీ, కాకపోతే ఈసారి మంచం కింద. ఇంటికి పత్రిక రాగానే ముందు ఎవరు చదవాలన్న తగువులో ఆ వారం కూర మాడిన ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు.

అద్దె పుస్తకం, ఊడిన అట్ట

డిటెక్టివ్ నవల సంగతి వేరు. అది నిజంగానే దాచిపెట్టడం మీద బతుకుతుంది. వీధికో అద్దె పుస్తకాల షాపు ఉన్న రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుంటే ఒక ప్రమాదం పొంచి ఉండేది. డిటెక్టివ్ యుగంధర్ అందర్నీ ఒక గదిలోకి పిలిచి అసలు విషయం చెప్పబోయే సరికి పుస్తకం అయిపోయేది. చేతులు మారీ మారీ వెనక పేజీలు రాలిపోయి ఉండేవి. రాలాయో, ఎవరైనా కావాలనే చింపారో షాపువాడు తేల్చి చెప్పేవాడు కాదు, అద్దె మాత్రం వసూలు చేసేవాడు. ఇంతకంటే దుర్మార్గులూ ఉండేవారు. మొదటి పేజీలోనే పాత్ర పేరు కింద బాల్‌పెన్నుతో గీత గీసి ‘వీడే హంతకుడు’ అని రాసి పెట్టేవారు.

హిచ్‌కాక్‌కి హంతకుడెవరు అనే తరహా కథలంటే పెద్దగా గిట్టేది కాదు. అది బుర్రకు పెట్టే పజిల్ లాంటిదని, గుండెకు పనేం లేదని ఆయన ఫిర్యాదు. అయినా ఆ తరహాలోనే అగాథా క్రిస్టీ రాసిన ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం లండన్‌లో 1952 నవంబరులో మొదలై, కొవిడ్ వచ్చేదాకా ఆగకుండా ఆడింది. హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రతి ప్రదర్శన చివరా ప్రేక్షకులను వేడుకుంటారు. బాల్‌పెన్ను దుర్మార్గులు అక్కడ తక్కువేమో!

ముందే చెప్పేస్తే కథ పాడవుతుందా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో దీన్ని పరీక్షించారు. 12 చిన్న కథలు తీసుకుని, కొందరికి ముగింపు ముందే చెప్పి చదివించారు. ముగింపు తెలిసి చదివినవాళ్లే కథను ఎక్కువ మెచ్చుకున్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో ఇందుకు విరుద్ధంగానూ తేలింది కాబట్టి, దీన్ని పట్టుకుని స్నేహితుల సినిమాలు పాడుచేయడానికి బయల్దేరొద్దు.

మామా అని పిలుస్తుంటే...

2015 జులై 10న ‘బాహుబలి’ విడుదలైంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒకే ప్రశ్నతో జనం హాళ్లలోంచి బయటికొచ్చారు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా, దాదాపు 22 నెలలు, ఆ ప్రశ్న పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో, ఎన్నికల సభల్లో, తెలుగు రానివాళ్ల నోళ్లలో కూడా నలిగింది. విజయేంద్రప్రసాద్, రాజమౌళి ఎంచుకున్న ప్రశ్న ఏమిటో గమనించండి. బాహుబలిని చంపిందెవరు అని దాచి ఉంటే ఆ సస్పెన్స్ నెల్లాళ్లు నిలిచేది కాదు. చంపిందెవరో చెప్పేశారు. అదీ ప్రాణమిచ్చే బానిస కట్టప్ప చేతే చెప్పించారు. ‘ఎవరు’ ఇచ్చేసి ‘ఎందుకు’ని చేతిలో ఉంచుకున్నారు.

అంతకంటే పెద్ద తెలివి రెండో భాగంలో ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మొదటి సగంలో చాలాసేపు కట్టప్ప, బాహుబలి మామాఅల్లుళ్లలా కుంతల రాజ్యంలో వేషాలు వేసుకుని తిరుగుతారు. హాస్యం అది. బాహుబలి నోరారా ‘మామా’ అని పిలుస్తుంటే హాలంతా నవ్వుతుంది. నవ్వుతూనే ప్రతివాడికీ లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉంటుంది. ఈ మామే కదా వెన్నులో కత్తి దించేది! 22 నెలల కిందట బల్ల కింద పెట్టిన బాంబుతో ఆ సరదా సీన్లన్నీ నడిచాయి. జవాబు తెలిసిపోయాక కూడా మళ్లీ మళ్లీ చూసినవాళ్లు, ఈ ముల్లు కోసమే వెళ్లారేమో.

ఇదే కాలంలో టీవీ సీరియళ్లు రోజూ రాత్రి చేస్తున్నదేమిటి? తలుపు తెరుచుకుంటుంది. అత్తగారి మొహం మూడుసార్లు, కోడలి మొహం మూడుసార్లు, పనమ్మాయి మొహం ఒకసారి, వెనక పిడుగుల మోత. మర్నాడు చూస్తే వచ్చింది పాలవాడు. ఇది ఉత్కంఠ కాదు, అప్పు చేసి తీర్చకపోవడం. అలా రోజూ ఎగ్గొడుతుంటే ప్రేక్షకుడు అప్పివ్వడం మానేసి, ఉల్లిపాయలు తరుగుతూ సీరియల్ చూస్తాడు.

ఆటల్లోనూ ఈ ఎగవేత జరుగుతుంది. 2019 జులై 14న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండ్ 241, న్యూజిలాండ్ 241. సూపర్ ఓవర్ పెడితే అక్కడా ఇద్దరివీ 15 పరుగులే. చివరికి ఇంగ్లండ్ 26 బౌండరీలు కొట్టింది, న్యూజిలాండ్ 17 కొట్టిందని లెక్కగట్టి కప్పు ఇచ్చేశారు. ఆ నిబంధన పుస్తకంలో ముందే ఉంది, కానీ చూసేవాడి బుర్రలో లేదు. రోజంతా పరుగుల మీద పందెం కాయించి, ఆఖర్న బౌండరీల మీద తీర్పు చెప్పారు. ఐసీసీ ఆ ఏడాదే నిబంధన మార్చక తప్పలేదు. దీన్ని 1986 సెప్టెంబరు 22న చేపాక్‌లో టై అయిన టెస్టుతో పోల్చి చూడండి. భారత్‌కు 348 కావాలి. స్కోరు సమం చేసే పరుగు తీసి రవిశాస్త్రి అవతలి కొసకు చేరాడు. 48 పరుగులతో క్రీజులో కుదురుకున్నవాడు అక్కడ బ్యాటానించుకుని చూడటం తప్ప చేయగలిగిందేం లేదు. బ్యాటింగ్ ఆఖరివాడైన మణిందర్ సింగ్‌ది. ఇంకో బంతి మిగిలి ఉండగా గ్రెగ్ మాథ్యూస్ బంతికి ఎల్బీడబ్ల్యూ. 347. ఎవరూ గెలవలేదు, అయినా ఎవరికీ మోసపోయామనిపించలేదు. మణిందర్ మాత్రం బంతి బ్యాట్‌కి తగిలిందని వాదిస్తూనే ఉన్నాడు.

నంబరు పడిందా?

కథలో, ఆటలో ఉత్కంఠకు టికెట్టు కొనుక్కుని వెళ్తాం. బతుకులో అదే మనింటికి వస్తుంది.

పరీక్ష ఫలితాలు దినపత్రికల్లో నంబర్లుగా వచ్చే రోజుల్లో, పొద్దున్నే పేపరు వేసే కుర్రాడి సైకిల్ బెల్లు వినపడితే పదో తరగతి పిల్లాడి కడుపులో దేవినట్టయ్యేది. ముందు ఫస్ట్‌క్లాసు జాబితాలో వెతకాలి. అక్కడ లేకపోతే రెండోదాంట్లో. అక్కడా లేకపోతే మూడో జాబితా మీదికి వేలు వెళ్లేది, కాస్త మెల్లిగా. ‘నంబరు పడిందా?’ అని పక్కింటావిడ గోడ మీంచి అడిగేది. ఇప్పుడు వేలు ఆడించాల్సింది ఫోన్ మీద. వెబ్‌సైట్ తెరుచుకోక గుండ్రంగా తిరుగుతుంటే, ఇంటిల్లిపాదీ ఆ చక్రం మీదికి వంగి చూస్తారు.

ఫలితం చెడ్డదని ఖాయంగా తెలియడం కంటే, తెలియకపోవడమే ఎక్కువ హింస అంటారు లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. 2016లో వాళ్లు 45 మందితో కంప్యూటర్ మీద ఒక ఆట ఆడించారు. రాయి కింద పాముందో లేదో చెప్పాలి. పాము ఉంటే చేతికి నిజంగానే కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని ఖాయమైనప్పటి కంటే, అవునూ కాదూ సగం సగంగా ఉన్నప్పుడే వాళ్ల ఒత్తిడి పతాక స్థాయికి చేరింది. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఒకసారి కూర్చున్నవాళ్లకు ఈ ప్రయోగంతో పనిలేదు. లోపల నర్సుకు చేతినిండా పని. బయటున్నవాళ్లకు ఏ పనీ లేదు. వెళ్లి టీ తేవడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు, అదైనా చేద్దామని.

రాజకీయులకు ఆ బెంచీ ఓట్ల లెక్కింపు రోజున ఎదురవుతుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ మే 13న ఓటేసింది. ఈవీఎంలు తెరిచింది జూన్ 4న. మధ్యలో 22 రోజులు అన్నీ తెలిసిన విశ్లేషకులు, ఏమీ తెలియని అభ్యర్థులు. జనం తీర్పు అప్పటికే స్ట్రాంగ్ రూముల్లో ఉంది, ఎవరూ మార్చగలిగింది లేదు. ఇక తేడా సన్నగిల్లితే అది నరకమే. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ గెలిచింది తొమ్మిది ఓట్లతో. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది ఒక్క ఓటుతో: అనుకూలం 269, వ్యతిరేకం 270. ఆ అంకెలు చదివే పని స్పీకర్ స్థానంలో ఉన్న మన కోనసీమ బిడ్డ జీఎంసీ బాలయోగికి పడింది.

సున్నా వైపు లెక్క

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరేముందు వినిపించే వెనకలెక్క ఇంజినీర్ల బుర్రలోంచి వచ్చిందనుకుంటాం. దాన్ని జనానికి అలవాటు చేసింది ఒక మూకీ సినిమా. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1929లో చంద్రుడి మీదికి ప్రయాణం గురించి ఒక చిత్రం తీశాడు. రాకెట్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబర్త్ దానికి సలహాదారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే ఎక్కడ ఆగాలో చూసేవాడికి తెలియదు. వెనక్కి లెక్కపెడితే సున్నా దగ్గర ఏదో జరిగి తీరాలి. తెరమీద సస్పెన్స్ కోసం వాడిన కిటుకు, తర్వాత నిజం రాకెట్ల ఆచారమైంది.

ఆ సున్నా ఒక్కోసారి రాదు కూడా. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 లెక్క ఇంకో 56 నిమిషాలుండగా ఆగిపోయింది. వారం తర్వాత రాకెట్ ఎగిరింది. సెప్టెంబరు 7న చంద్రుడికి 2.1 కిలోమీటర్ల ఎత్తులో విక్రమ్ ల్యాండర్ నుంచి మాట ఆగిపోయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు దేశమంతా టీవీల ముందుంది. అప్పుడు బెంగళూరు కేంద్రంలో ఉన్న శాస్త్రవేత్తల పరిస్థితి మన కంటే మెరుగేం కాదు. దిగే ప్రక్రియ మొదలయ్యాక నిర్ణయాలన్నీ ల్యాండరే తీసుకుంటుంది, కింది నుంచి నడిపేదేమీ ఉండదు. ఏళ్ల తరబడి దాన్ని తయారుచేసినవాళ్లు ఆ కొద్ది నిమిషాలూ కేవలం ప్రేక్షకులు. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు గానీ వాళ్లకు చప్పట్లు కొట్టే పని దొరకలేదు.

చూడటం తప్ప వేరే దారి లేకపోవడం ఎలా ఉంటుందో, బంతి చేతికి వస్తే ఏమవుతుందో, రెండూ మూడు వారాల తేడాలో అనుభవించినవాడు మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్. 2025 జులై 14న లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద భారత్ గెలవడానికి 193 కావాలి. అవతల జడేజా 61 పరుగులతో పాతుకుపోయి ఉన్నాడు. పదకొండో బ్యాట్స్‌మన్ సిరాజ్ 30వ బంతిని, బషీర్ వేసినదాన్ని, బ్యాట్ నడిమధ్యతో చక్కగా ఆడాడు. తప్పేం చేయలేదు. ఆ బంతి నేలమీద పడి, వెనక్కి దొర్లి, తీరిగ్గా వికెట్లను తాకింది. 22 పరుగుల ఓటమి.

తర్వాత ఓవల్. ఆగస్టు 3న ఇంగ్లండ్ 374 కోసం ఆడుతుంటే, 19 పరుగుల దగ్గర బ్రూక్ లేపిన బంతిని సిరాజ్ బౌండరీ దగ్గర పట్టుకున్నాడు. పట్టుకుని, కాలు వెనక్కి వేసి, తాడు తొక్కేశాడు. బ్రూక్ 111 దాకా పోయాడు. ఆ సాయంత్రం వెలుతురు చాలక, వాన పడి ఆట ఆగిపోయింది. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. ఆ తాడు ఎంత బరువైందో రాత్రంతా లెక్కపెట్టుకోవడానికి కావలసినంత సమయం.

సోమవారం ఉదయం తొలి రెండు బంతులకే ఓవర్టన్ రెండు ఫోర్లు కొట్టాడు, అవతల్నుంచి ప్రసిద్ధ్ వేసిన ఓవర్లో. అప్పుడు సిరాజ్ చేతికి బంతి వచ్చింది. సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి అలసిన శరీరం. స్మిత్ వెళ్లాడు, ఓవర్టన్ వెళ్లాడు, టంగ్‌ను ప్రసిద్ధ్ పడగొట్టాడు. భుజం జారిన వోక్స్ ఒక చేయి స్వెటర్లో దాచుకుని మరో చేత్తో బ్యాట్ పట్టుకుని వచ్చాడు. అట్కిన్‌సన్ కొట్టిన బంతి ఆకాశ్‌దీప్ చేతులకు తగిలి మరీ తాడు అవతల సిక్స్‌గా పడింది. ఇండియాలో టీవీల ముందు గోళ్లు అయిపోయాయి. గంటలోపే సిరాజ్ యార్కర్ అట్కిన్‌సన్ ఆఫ్ స్టంప్‌ను లేపేసింది. ఇంగ్లండ్ 367 ఆలౌట్, సిరాజ్‌కి అయిదు వికెట్లు, భారత్ గెలుపు ఆరు పరుగులతో. టెస్టుల్లో పరుగుల లెక్కన మన జట్టుకి ఇంత సన్నటి విజయం ఇంకోటి లేదు.